పూత వెనుక కొయ్య

అందమైన వస్తువును చూసినప్పుడు దాని వెనుక ఉన్న అన్యాయాన్ని గురించి ఆలోచించాలా, అక్కరలేదా? ఆలోచించిన తర్వాత కూడా అది మనకు అందంగానే కనిపిస్తే, ఆ దోషం మనదా? ఈ ప్రశ్న కొత్తది కాదు. అభ్యుదయ సాహిత్యోద్యమం పుట్టిన నాటినుంచీ మన ప్రాచీన సాహిత్యాన్ని ఎదురుగా పెట్టుకొని ఈ ప్రశ్నే వేసుకుంటూ వచ్చాం. కొందరు ప్రబంధాలను పాతిపెట్టమన్నంత పని చేశారు. కొందరు నెత్తిన పెట్టుకోమన్నారు. ఇద్దరూ అలసిపోయారు గాని ప్రశ్న అలసిపోలేదు. ఈసారి అది నాకు పుస్తకంలో కాక, ఒక పాత సామాన్ల దుకాణంలో ఎదురైంది.

ఆ మధ్య మా కళాశాల విద్యార్థులను వెంటబెట్టుకొని కొచ్చి వెళ్ళాను. మట్టాంచేరిలో యూదుల ప్రార్థనామందిరానికి పోయే వీధిలో ఇటువంటి దుకాణాలు చాలా ఉన్నాయి. ఒక దుకాణంలో ఇనుప కాడమీద నిలబెట్టిన రెక్క ఒకటి కనిపించింది. దేవదూత రెక్క. మూరెడు పొడుగుంటుంది. దేవదూత లేడు, రెండో రెక్క లేదు. కొయ్యలో ఈక మీద ఈకగా చెక్కి బంగారు రేకు అద్దారు. ఎత్తుగా ఉన్న చోట్ల బంగారం అరిగి, కింది ఎర్రమట్టి పూత బయటపడింది. ఆ ఎరుపూ ఆ పసుపూ కలిసి, సాయంత్రం వెలుగులో చాలా బాగున్నాయి. ఎవరో పాత చర్చిని పడగొట్టి కాంక్రీటుతో కట్టుకున్నారనీ, అప్పుడు తనకు దొరికిందనీ దుకాణదారు చెప్పాడు. ధర లక్షా ఇరవై వేలు.

పిల్లలు ఫొటోలు తీసుకున్నారు. ఒక అమ్మాయి మాత్రం దుకాణదారును అడిగి, రెక్కను కాడమీదనుంచి తీసి, వెనక్కి తిప్పి చూసింది. ఆమె తండ్రి గోదావరి వైపు పల్లెలో వడ్రంగి. వెనుక వైపు బంగారం లేదు, ఈకలు లేవు. మోటుగా చెక్కిన కొయ్య, చతురస్రపు మేకు దిగిన కన్నం, గడ్డకట్టిన జిగురు, పురుగు తొలిచిన రంధ్రాలు.

“బాడిస దెబ్బలు, మాస్టారూ” అన్నది. “మా నాన్న కూడా కనబడని వైపు చిత్రిక పట్టడు. పొద్దు దండగ అంటాడు.” కాసేపు ఆగి, “దీనికి కూలి ఎంత ఇచ్చి ఉంటారు?” అని అడిగింది. నేను తెలియదన్నాను. “ఇవ్వకపోయి ఉంటే? అప్పుడు కూడా దీన్ని బాగుందనవచ్చునా?”

ఆ పూట నేను జవాబు చెప్పలేకపోయాను. నాలుగు పెద్ద మాటలు చెప్పి తప్పించుకోగలిగేవాణ్ణే. పదేళ్లుగా పాఠం చెబుతున్నవాడికి ఆ విద్య తెలియకపోదు. కాని అడిగింది వడ్రంగి కూతురు. కొయ్య సంగతి నాకంటె బాగా తెలిసిన మనిషి. అందుచేత ఇంటికి వచ్చి చదువుకొని, ఆలోచించి, ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆ రెక్క ఏ చర్చిదో నేను రుజువు చేయలేను. కాని అది ఏ వంశానికి చెందినదో చెప్పవచ్చు. చెక్కిన కొయ్యకు బంగారు రేకు అద్దే ఈ పనిని పోర్చుగీసువారు తాల్యా దౌరాదా అంటారు. పూత పెట్టిన చెక్కడం అని దాని అర్థం. పోర్చుగల్‌లోనూ, బ్రెజిల్‌లోనూ, మన గోవాలోనూ 17, 18 శతాబ్దాల చర్చిల లోపలి గోడలూ స్తంభాలూ పీఠాలూ దీనితో నిండిపోయాయి. పోర్తో పట్టణంలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి బయటికి బోసిగా నిలిచిన రాతి కట్టడం. లోపలికి పోతే రాయి కనబడదు. ద్రాక్షతీగలు, పక్షులు, పసిదేవదూతలు, ఆకులు, అన్నీ కొయ్య, అన్నిటి మీదా బంగారం. పాత గోవాలో 1605లో ప్రతిష్ఠించిన బోం జీసస్ చర్చిలోని బంగారు పీఠాన్ని మన పాఠకులలో చాలామంది చూసే ఉంటారు.

పని ఎలా జరిగేదో తెలుసుకుంటే ప్రశ్న మరికొంత తేటపడుతుంది. ముందు శిల్పి కొయ్యను చెక్కుతాడు. పోర్చుగల్‌లో చెస్ట్‌నట్, ఓక్, బ్రెజిల్‌లో దేవదారు. ఆ తర్వాత పూతపనివాడు వస్తాడు. చాలాచోట్ల ఇతడు వేరే మనిషి, ఇతడి ఒప్పందం వేరు. డబ్బు చాలక, చెక్కిన పీఠం బంగారం కోసం ఏళ్లతరబడి పచ్చికొయ్యగానే ఎదురుచూసిన సందర్భాలు కూడా ఉన్నాయి. తోలు ఉడికించి తీసిన జిగురులో సుద్ద కలిపి పొరమీద పొర పూస్తారు. మన కొండపల్లి పనివాళ్లు రంగు వేసే ముందు బొమ్మకు సుద్ద పూయరూ, అట్లాగన్నమాట. సుద్ద ఆరాక నునుపు చేసి, దానిమీద మెత్తని ఎర్రమట్టి పూస్తారు. దాన్ని తడిపి, ఊపిరి తగిలితే ఎగిరిపోయే బంగారు రేకును పరుస్తారు. ఆరిన తర్వాత అకీకు రాతితోనో కుక్కపంటితోనో రుద్ది మెరుగు పెడతారు.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. నేటి బంగారు రేకు మందం మిల్లీమీటరులో పదివేల వంతు. పూర్వపు రేకు ఇంతకంటె కొంచెం మందంగా ఉండేది. ఈ లెక్కన ఒక గ్రాము బంగారంతో రమారమి అర చదరపు మీటరు కప్పవచ్చు. ఆ మూరెడు రెక్క మీద ఉన్న బంగారమంతా గీకి తీస్తే చెవిపోగులో పదోవంతు కూడా కాకపోవచ్చు. మరి మనం చూసి అబ్బురపడేది ఏమిటి? బంగారమా? కాదు. బంగారాన్ని అంత పలచగా సాగగొట్టిన చేతి దెబ్బ. అంత పలచని రేకు చిరగకుండా పరుచుకొనేటట్టు సుద్దను నునుపు చేసిన ఓపిక. కింద ఈకను ఈకగా విడదీసిన ఉలి. వస్తువులో విలువ శ్రమవల్ల చేరుతుందని మనం తరగతిలో సిద్ధాంతంగా చెబుతాం. ఇక్కడ అది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. కాని చూసేవాడి నోట వచ్చే మాట ‘ఎంత బంగారం!’ అనేదే. శ్రమను తన వెనుక దాచుకోవడమే పూత చేసే పని.

ఆ బంగారానికి మరొక వెనుకవైపు ఉంది. 1690 ప్రాంతాల్లో బ్రెజిల్ లోపలి కొండలలో బంగారం బయటపడింది. ఆ ప్రాంతానికి మీనాస్ జెరాయిస్ అని పేరు. గనుల సీమ అని అర్థం. నేడు ఓరో ప్రేతో అనే పట్టణాన్ని అప్పుడు విలా రికా, అంటే సంపన్నపురం, అనేవారు. తవ్వినదానిలో ఐదోవంతు రాజుది. తవ్వేవాడిది ఏమీ లేదు, ఎందుకంటే తవ్వేవాడే ఒకరి సొత్తు. పశ్చిమాఫ్రికాలోని మీనా తీరంనుంచి వచ్చినవారికి బంగారం పని తెలుసునని యజమానులు వారిని ఏరి కొనేవారు. నడుములోతు నీళ్లలో నిలబడి, కొయ్యపళ్లేలలో ఇసుకను కడిగి ఆ బంగారాన్ని తీసింది వారు. బానిస వ్యాపారం సాగిన శతాబ్దాలలో బ్రెజిల్ తీరాన దిగిన ఆఫ్రికనుల సంఖ్య 48 లక్షల పైచిలుకని చరిత్రకారుల లెక్క. దారిలో సముద్రం పాలైనవారు ఈ లెక్కలో లేరు.

ఆ ఐదోవంతు లిస్బన్ చేరింది. 1706 నుంచి 1750 దాకా ఏలిన ఐదవ జోవావ్ రాజు దానితో మాఫ్రాలో బ్రహ్మాండమైన మఠప్రాసాదం కట్టించాడు. చర్చిలు బంగారు తొడుగు తొడుక్కున్నాయి. ఆ కాలపు చెక్కడపు పద్ధతికి చరిత్రలో జోవావ్ పేరుతోనే ‘జొవానీనో’ శైలి అని పేరు. ఉలి పట్టినవాడి పేరు కాదు, నీళ్లలో నిలబడ్డవాడి పేరు కాదు, రాజు పేరు. మనం నవ్వనక్కరలేదు. తెలుగు సాహిత్య చరిత్రలో మనం ‘రాయల యుగం’ అంటూనే ఉన్నాం.

బ్రెజిల్‌లో నేటికీ ఒక జాతీయం ఉంది. కపటిని ‘బోలుకొయ్య సాధువు’ అంటారు. రాజుగారి ఐదోవంతు ఎగ్గొట్టడానికి సాధువుల కొయ్యబొమ్మలను లోపల తొలిచి, బంగారపు పొడి నింపి దాటించేవారని, దానినుంచే ఈ మాట పుట్టిందని చెబుతారు. కథ ఎంత నిజమో గాని, జనం నోట నిలిచిన ఆ మాటలో ఒక విమర్శ ఉంది. పైన బంగారం పూసుకున్న దేవుడికీ, కడుపులో బంగారం దాచుకున్న దేవుడికీ తేడా ఏమిటని అది అడుగుతున్నది.

ఇంత తెలిసిన తర్వాత ఆ రెక్కను బాగుందనవచ్చునా?

మొదటి జవాబు, అనకూడదు. అది దోపిడీ సొత్తు, భక్తి పేరుతో జరిగిన ఆడంబరం, దాని తళుకు చూసి మురిసేవాడు ఆ దోపిడీకి సాక్షి సంతకం పెడుతున్నాడు. ఈ జవాబు చెప్పేవారంటే నాకు గౌరవం ఉంది. యౌవనంలో నేనూ ఈ జవాబే చెప్పాను. అందులో ఒక నైతికమైన కోపం ఉంది. ఆ కోపం లేనివాడితో అసలీ చర్చే అనవసరం. కాని ఈ జవాబుకు ఒక చిక్కు ఉంది. దాన్ని ఓరో ప్రేతోలోనే చూడవచ్చు.

ఆంతోనియో ఫ్రాన్సిస్కో లిస్బోవా అనే శిల్పి అక్కడివాడు. 1738 ప్రాంతంలో పుట్టి 1814లో చనిపోయాడు. తండ్రి పోర్చుగీసు వాస్తుశిల్పి, తల్లి ఆఫ్రికన్ బానిస. నడివయసులో ఏదో రోగం పట్టి చేతివేళ్లు వంకరపోయి, కాళ్లు చచ్చుబడ్డాయి. ఉలినీ కొడతినీ చేతులకు కట్టించుకొని పనిచేశాడంటారు. లోకం అతణ్ణి ‘అలైజదిన్యో’ అన్నది. కుంటివాడు అన్నమాట. 1796 నుంచి 1799 దాకా కొంగోన్యాస్‌లో క్రీస్తు శ్రమల ఘట్టాలకు 64 దేవదారు విగ్రహాలు తన పనివాళ్లతో కలిసి చెక్కాడు. ఆ తర్వాత 1805 వరకు పన్నెండుమంది ప్రవక్తలను మెత్తని రాతిలో మలిచాడు. నల్లవారు, బానిసలూ విముక్తులూ కలిసి, రోజరీ మాత పేర సమాజాలు కట్టుకొని తమ చర్చిలు తాము నిలుపుకున్నారు. చందాలు వేసుకొని తమవారిని పూడ్చుకొనే చోటు సంపాదించుకున్నారు.

ఇప్పుడు ఈ పీఠాలను ‘దోపిడీ సొత్తు’ అని ఒక్క మాటతో తోసేస్తే ఎవరిని తోసేసినట్టు? రాజును తోసేయలేదు. అతడికి మాఫ్రా ఉంది, నాణెం మీద బొమ్మ ఉంది, చరిత్రలో శైలి పేరుంది. బానిస తల్లి కన్న కొడుక్కి మిగిలింది ఆ కొయ్య ఒక్కటే. అది కాదన్న క్షణాన మనం యజమాని పక్షాన తీర్పు చెప్పినవాళ్లమవుతాం. యజమాని కూడా ఆ మాటే అన్నాడు కదా: ఇది నాది, వాడిది కాదు అని. కోపంతో మొదలుపెట్టి, దోచినవాడి దస్తావేజు మీదే మనం ముద్ర వేస్తున్నాం.

రెండో జవాబు, చరిత్ర సంగతి వదిలెయ్యి, అందాన్ని అందంగా చూడు. కళ కాలాతీతం, వర్గాతీతం. ఈ జవాబు కళాప్రియులది. విచిత్రమేమిటంటే, దుకాణదారుది కూడా ఇదే. రెక్కను దేవదూతనుంచీ, దేవదూతను పీఠంనుంచీ, పీఠాన్ని చర్చినుంచీ, చర్చిని ఊరినుంచీ విడగొట్టి, ఇనుప కాడమీద నిలబెట్టి, మీద ఒక దీపం వేస్తే, అప్పుడది ‘శుద్ధమైన’ కళ. అది దేని రెక్క, ఎవరు మొక్కారు, ఎవరు ఏడ్చారు అనే ప్రశ్నలు రాలిపోతాయి. ధర చీటీ ఒక్కటే మిగులుతుంది. శుద్ధకళావాదానికి ఇంతకంటె చక్కని చిత్తరువు నాకు దొరకలేదు. వస్తువునుంచి చరిత్రను ఊడదీయడం తాత్త్వికుడికి సిద్ధాంతం, వర్తకుడికి పని.

ఈ ఊడదీత అంతా ఒక్కసారి జరిగినది కాదు. డచ్చివారు 1663లో కొచ్చిని పట్టుకొని పోర్చుగీసువారి చర్చిలను చాలావరకు పడగొట్టారు. ఒకదాన్ని తమ మతానికి ఉంచుకున్నారు, మరొకదాన్ని ఆయుధాల గిడ్డంగి చేసుకున్నారు. లిస్బన్‌లో 1755 భూకంపమూ, దాని వెంట వచ్చిన మంటలూ ఎన్నో పీఠాలను మింగాయి. పోర్చుగల్‌లో 1834లో సన్యాసి మఠాలను రద్దు చేసి వాటి ఆస్తులను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. పోర్తోలో నేను చెప్పిన ఆ సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిని అంటుకొని ఒక మఠం ఉండేది. 1832లో పట్టణం ముట్టడిలో ఉండగా అది కాలిపోయింది. ఆ స్థలంలో 1842 నుంచి ఆ ఊరి వర్తక సంఘం ఏమి కట్టుకున్నదనుకున్నారు? వ్యాపార వినిమయ భవనం. నేటికీ అక్కడ ఒక గోడకు ఇవతల బంగారు పీఠాలు, అవతల వర్తకుల దర్బారు. చరిత్ర అప్పుడప్పుడు మనకు వ్యాఖ్య రాసే శ్రమ తప్పిస్తుంది.

విప్లవాలు సైతం ఈ ప్రశ్నను ఒక్క వేటుతో తెంచలేకపోయాయి. ఫ్రెంచి విప్లవంలో జనం రాజుల విగ్రహాలనూ చర్చి పీఠాలనూ పగలగొట్టారు. శతాబ్దాల తరబడి తమను తొక్కినవాటిని తొక్కారు. అది అర్థం కాని పని కాదు. కాని అదే విప్లవం 1793 ఆగస్టు 10న రాజభవనమైన లూవ్ర్‌ను ప్రజల ప్రదర్శనశాలగా తెరిచింది. 1794లో విప్లవ సభలోనే గ్రెగ్వార్ అనే సభ్యుడు ఈ విధ్వంసాన్ని ఖండిస్తూ ‘వాండలిజం’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. అతడు రాజభక్తుడు కాదు. నల్లబానిసల విముక్తికోసం పోరాడినవాడు. బానిసత్వం పోవాలన్నదీ, శిల్పం నిలవాలన్నదీ ఒకే నోరు. రెండూ పరస్పర విరుద్ధాలని అతడికి తోచలేదు.

మార్క్స్ కూడా 1857లో రాసుకున్న చిత్తుప్రతిలో ఈ ముడి దగ్గర ఆగాడు. గ్రీకు కళ ఒకానొక సామాజిక దశనుంచి పుట్టిందని చెప్పడం కష్టం కాదు, ఆ దశ గడిచిపోయాక కూడా అది మనకెందుకు ఆనందమిస్తున్నదో చెప్పడమే కష్టమన్నాడు. బానిసల చెమట మీద నిలిచిన సమాజపు కళను గురించి ఆ మాట అన్నది శ్రామికవర్గపు తత్త్వవేత్త. లెనిన్ 1920లో యువజనుల మహాసభలో మాట్లాడుతూ, మానవజాతి కూడబెట్టిన సంస్కృతినంతా తెలుసుకొని మలచుకోకుండా కొత్త సంస్కృతి ఆకాశంనుంచి ఊడిపడదని హెచ్చరించాడు. కనుక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చిన్నది కాదు, నేను తడబడటం వింతా కాదు.

ఇక నా దుకాణం సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం కూడా ఒక పూతే అవుతుంది.

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. మనుచరిత్రనుంచి ఒక ఘట్టం, వసుచరిత్రనుంచి ఒక వర్ణన, పారిజాతాపహరణంనుంచి ఒక అలక. వీటిని ‘పాఠ్యభాగాలు’ అంటాం. భాగాలు! కావ్యంనుంచి ఊడదీసి, సందర్భం అనే ఇనుప కాడ ఒకటి గుచ్చి, అలంకారం అనే దీపం ఒకటి వేసి, పిల్లల ముందు నిలబెడతాం. ధర చీటీ కూడా ఉంటుంది: పది మార్కులు. ఆ పద్యం పుట్టిన కొలువు ఎవరి పన్నులమీద నడిచింది, ఆ కొలువు గడప ఎవరికి నిషిద్ధం అనేది ప్రశ్నపత్రంలో రాదు కనుక పాఠంలోనూ రాదు. కవిత్వం పుట్టాలంటే ఏకాంతమైన చోటు, తాంబూలం, ఊయల మంచం వగైరాలు కావాలని పెద్దన అడిగినట్టు ఒక చాటువు ఉంది. దాన్ని మనం చమత్కారంగా చెప్పి నవ్విస్తాం. ఆ ఆకుతోటకు నీరు కట్టింది ఎవరు, ఆ ఊయల చెక్కింది ఎవరు అని నేను ఒక్క తరగతిలో కూడా అడగలేదు. ఆ వడ్రంగి కూతురు నా తరగతిలోనే, రెండో వరసలో కూర్చుని ఉన్నది.

నేను శుద్ధకళావాదిని కానని సభల్లో చెప్పుకుంటాను. కాని వారానికి పదహారు గంటలు నేను చేసేది ఆ దుకాణదారు పనే.

మరి నా జవాబేమిటి? ఆ రెక్కను బాగుందనవచ్చును. అయితే వెనక్కి తిప్పి చూసిన తర్వాత అనాలి. ఇది రెండు జవాబులకూ మధ్య రాజీ కాదు. వెనుక చూసినవాడికి కనిపించే అందం, చూడనివాడికి కనిపించే అందం ఒకటి కావు. మొదట నాకు కనిపించింది బంగారం. ఆ బాడిస దెబ్బలు చూశాక, ముందు వైపు ఈకల్లో ఒక మనిషి నిర్ణయాలు కనిపించాయి. ఇక్కడ లోతుగా దించాడు, ఇక్కడ చెయ్యి తేలిక చేశాడు, వెనుక పొద్దు ఆదా చేసుకున్నాడు. అతడు దేవుడి చేతిలో పనిముట్టు కాడు, రాజు చేతిలో పనిముట్టు కాడు. ఆ బానిసత్వంలోనో, ఆ కూలిలోనో తన తెలివిని తాను నిలుపుకున్న మనిషి. నేను మెచ్చుకుంటున్నది ఆ నిలుపుదలను. దాన్ని మెచ్చుకోవడం దోపిడీని మెచ్చుకోవడం కాదు. దోపిడీ దోచుకోలేకపోయినదాన్ని మెచ్చుకోవడం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పీఠం చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఆ వెనుక వైపు ఎవరికీ కనిపించలేదు. గోడకు ఆనించి మేకులు కొట్టారు. విరిగి ముక్క అయింది కాబట్టే ఆ అమ్మాయి చేతికి వచ్చింది. వర్తకుడు చరిత్రను ఊడదీయబోయి, తెలియకుండానే చరిత్రను బయటపెట్టాడు. ఇందుకని విరగడమే మేలనడం లేదు. మన దేశంలో నూరేళ్లు దాటిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయడం 1972 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. అటువంటి కట్టు అవసరమే. గుడి రథం బొమ్మ అయినా, చర్చి రెక్క అయినా, దాని ఊరిలో ఉన్నప్పుడే దాని కథ పూర్తిగా తెలుస్తుంది. విరిగిపోయినవి విరిగిపోయాయి. వాటిని మళ్లీ పూత పెట్టి కొత్తవిగా నమ్మించడం ఒక అబద్ధం, కాడకు గుచ్చి అనాథలుగా అమ్మడం మరొక అబద్ధం. విరిగిన అంచును విరిగినట్టే చూపించి, ఎవరు చేశారు, ఎవరు చేయించారు, ఎవరు ఊడదీశారు అని పక్కన రాయగలిగితే, ముక్క కూడా నిజం చెబుతుంది.

పోర్తో చర్చిలో యెష్షయి వంశవృక్షం అనే పెద్ద చెక్కడం ఉంది. 1718 నుంచి 1721 వరకు దాన్ని చేసినవారు ఫిలిప్ ద సిల్వా, ఆంతోనియో గోమెస్. ఇటువంటి పనివాళ్ల పేర్లు మనకు అందినది ఎక్కువగా పని ఒప్పందపు కాగితాలవల్ల. ఎవరి స్తోత్రంలోనూ వారి పేరు లేదు. ఇంత పని, ఇంత గడువు, ఇంత డబ్బు అని రాసుకున్న దస్తావేజులో ఉంది. ‘కూలి ఎంత ఇచ్చి ఉంటారు’ అన్న మా అమ్మాయి ప్రశ్న అరసికమని ఎవరైనా అంటే, వారికి ఇది చూపిస్తాను. కళాచరిత్రలో శ్రామికుడి పేరును కాపాడినది ఆ ప్రశ్నే.

మిత్రులు ఒక ఆక్షేపణ తెస్తారు. ‘వెనుక చూసినంత మాత్రాన ఆ బానిసకు కూలి ముడుతుందా? నీ అంతరాత్మకు నువ్వు పూత పెట్టుకుంటున్నావు.’ ఇది బలమైన ఆక్షేపణ. కూలి ముట్టదు. బ్రెజిల్‌లో బానిసత్వాన్ని రద్దుచేస్తూ 1888 మే 13న చేసిన చట్టాన్ని ‘బంగారు చట్టం’ అంటారు. ఆ చట్టం విముక్తులకు ఒక సెంటు భూమి ఇవ్వలేదు, ఒక కాసు పరిహారం ఇవ్వలేదు. అదీ ఒక పూతే. చనిపోయినవారి బాకీ తీర్చే దారి మనకు లేదు. సౌందర్యాస్వాదన దాన్ని అసలే తీర్చదు. తీరిందని ఎవరైనా అంటే వాడు బోలుకొయ్య సాధువు.

కాని బాకీ తీరకపోవడం వేరు, బాకీ ఉన్నదని ఒప్పుకోవడం వేరు. ఒప్పుకున్నామా లేదా అనేదానికి పరీక్ష చర్చిలోనో ప్రదర్శనశాలలోనో లేదు. ఉలి పట్టి నేడు మన ఎదుట బతుకుతున్న మనిషి దగ్గర ఉంది. పోయినేడు నేను పుస్తకాల బీరువా ఒకటి చేయించుకున్నాను. మేస్త్రి కూలి పద్దెనిమిది వేలన్నాడు. నేను బేరమాడి పదిహేనుకు దించాను. దించగలిగినందుకు ఆ రాత్రి సంతోషించాను కూడా. ఆ బీరువాలోనే నేను శ్రమవిలువ సిద్ధాంతం గ్రంథాలు పెట్టుకున్నాను. కొచ్చినుంచి తిరిగి వచ్చాక ఒక రోజు దాన్ని గోడనుంచి జరిపి వెనుక వైపు చూశాను. చిత్రిక పట్టలేదు. పెన్సిలు గీతలు, కొలతలు, ఒక మూల అతడు వేసుకున్న కూడిక. ఏ కూడికో నాకు తెలియదు. నేను తగ్గించిన మూడువేలు పోను అతడికి ఎంత మిగిలిందో లెక్క చూసుకున్నాడేమో.

ఆ మూడువేలు నేను పట్టుకెళ్లి ఇచ్చాను. ఇది గొప్పగా చెప్పడం లేదు. ఇవ్వవలసినది ఇవ్వడం గొప్ప కాదు. అతడు పుచ్చుకొని, “ఏం సార్, బీరువా ఏమైనా పాడైందా?” అని కంగారుగా అడిగాడు. పని చేయించుకున్నవాడు తిరిగి వస్తే ఏదో తప్పు పట్టడానికే వస్తాడని అతడి అనుభవం. మన సమాజంలో కళకూ శ్రమకూ ఉన్న సంబంధం మీద నేను చదివిన ఏ విమర్శా ఆ ఒక్క ప్రశ్నంత సూటిగా లేదు.

ఈ సంవత్సరం ప్రబంధపాఠం మళ్లీ చెప్పాలి. మనుచరిత్రను నేను వదలను, తక్కువ చేసి చెప్పను. ఆ పద్యపు నడక ఎంత అందమో ఇదివరకటిలాగే చెబుతాను. కాని ఈసారి పద్యాన్ని వెనక్కి తిప్పి కూడా చూపిస్తాను. ఊయల చెక్కినవాణ్ణి, ఆకుతోట పెంచినవాణ్ణి, ఆ కొలువులోకి రానివ్వని అక్షరంలేని జనాన్ని, వారి మాటలనుంచే కవి ఎరువు తెచ్చుకున్న తెలుగు నుడికారాన్ని. మార్కులు రావని పిల్లలు గొణుగుతారు. గొణగనీ.

చివరికి ఆ దుకాణంలో ఏమి జరిగిందో చెప్పి ముగిస్తాను. మా అమ్మాయి రెక్కను తిరిగి కాడమీద పెట్టింది. పొరపాటునో కావాలనో గాని, వెనుక వైపు వీధికి వచ్చేటట్టు పెట్టింది. బాడిస దెబ్బలు, మేకు కన్నం, జిగురు ఎండలో కనిపిస్తున్నాయి. మేము నాలుగడుగులు వేసి వెనక్కి చూసేసరికి దుకాణదారు లేచివచ్చి, గుడ్డతో తుడిచి, దాన్ని మళ్లీ బంగారం వైపుకు తిప్పుతున్నాడు.